పిల్లలతో ఒక ఏడాది దక్షిణ స్పెయిన్ పల్లెలో: తెలిసినవాళ్లు చెప్పండి

మణికొండ_అమ్మ

అందరికీ నమస్కారం. ఈ సెప్టెంబర్ నుంచి వచ్చే జూన్ దాకా, అంటే అక్కడి ఒక బడి సంవత్సరం మొత్తం, స్పెయిన్‌లో గ్రనాడా జిల్లా అల్పుహార్రా కొండల్లో ఏదో ఒక పల్లెలో ఉందామని మావారూ నేనూ దాదాపు నిర్ణయానికి వచ్చేశాం. బాబు 2016లో పుట్టాడు, పాప 2020లో. మావారు అమెరికా కంపెనీకి ఇంటి నుంచే కాంట్రాక్టు పని చేస్తారు, నేను లాస్ ఆఫ్ పే మీద సెలవు పెడుతున్నాను. ఇంటర్నేషనల్ స్కూల్ వద్దు, ఊరి సర్కారు బడిలోనే వేయాలని మా పట్టుదల. పొద్దున ఏడింటికి బస్సెక్కి సాయంత్రం అయిదింటికి దిగి, మళ్లీ ట్యూషన్‌కి పోయే పిల్లల్ని చూస్తుంటే ఒక్క ఏడాదైనా వాళ్లకు వీధిలో ఆడుకునే బాల్యం ఇవ్వాలనిపిస్తోంది. వీసా ఏది, బడిలో సీటు ఎలా, భాష రాని పిల్లలు ఎలా నెగ్గుకొస్తారు, తిరిగొచ్చాక ఇక్కడ క్లాసు ఏమవుతుంది, మేము శాకాహారులం కాబట్టి తిండి సంగతేంటి, ఇవీ నా ప్రశ్నలు. ఫొటోలు చూసి కపిలేయిరా అనే ఊరు బాగా నచ్చింది.

తెనాలి_శీను

మేము ఇద్దరు పిల్లలతో అదే లోయలో ఒక బడి సంవత్సరం ఉండి వచ్చాం కాబట్టి సూటిగా చెప్తాను. ఊరిని ఫొటో చూసి ఎంచుకోవద్దండి, బడి చూసి, చలికాలం చూసి ఎంచుకోండి. కపిలేయిరా దాదాపు 1,400 మీటర్ల ఎత్తు మీద ఉంటుంది, జులైలో స్వర్గం, జనవరిలో మంచు. కింద ఓర్హివా 450 మీటర్ల దగ్గర ఉంటుంది, నారింజ తోటలు, ఆలివ్ చెట్లు, గురువారం సంత, బ్యాంకు, మందుల షాపు, ఆరోగ్య కేంద్రం అన్నీ ఉంటాయి. విదేశీయులు కూడా చాలా ఏళ్లుగా స్థిరపడిన ఊరు, బడిలో మీ పిల్లలు ఒక్కరే వింతగా కనబడరు. దానికి ఇంకో వైపూ ఉంది. ఇంగ్లీషు మాట్లాడే పిల్లలు ఎక్కువైతే మీవాళ్లు వాళ్లతోనే తిరుగుతారు, స్పానిష్ ఆలస్యం అవుతుంది.

రెండోది, ఊరు బయట కొండ మీద ఒంటరిగా ఉండే తోట ఇళ్లు (కొర్తీహో అంటారు) అద్దె తక్కువని ఆశపడొద్దు. చాలావాటికి ఫైబర్ నెట్ రాదు, కరెంటు సోలార్ మీద, నీళ్లు ట్యాంకులో, దారి మట్టి రోడ్డు. మీవారి ఉద్యోగం నెట్ మీద నడుస్తోంది. అన్నిటికంటే ముఖ్యం, అక్కడుంటే పిల్లలు బడి అయ్యాక మీ కారు కోసం కూర్చోవాలి. ఊరి మధ్యలో ఉంటే బ్యాగ్ గుమ్మంలో పడేసి మెయిన్ సెంటర్‌కి, అంటే వాళ్ల ప్లాసాకి, వాళ్లే పరిగెత్తుతారు. మీరు అడుగుతున్న వీధి బాల్యం ఊరి మధ్యలోనే దొరుకుతుంది, తోట ఇంట్లో కాదు.

నిజాంపేట_నాన్న

మేడమ్, కోపగించుకోకండి. బాబు అయిదో క్లాసులో వెళ్లి ఆరులో వస్తాడు. ఇక్కడ ఆరు నుంచే ఫౌండేషన్ అంటూ అందరూ పరిగెడుతున్నారు, హిందీ, సైన్స్ అన్నీ ఒక ఏడాది వెనకబడతాయి. ఒక ఏడాది అద్దె, టికెట్లు, ఇన్సూరెన్స్, అన్నీ కలిపితే ఎంత? అదే డబ్బుతో ప్రతి ఏడాదీ ఒక నెల టూర్ తీసుకెళ్లొచ్చు కదా. పిల్లలు మధ్యలో వేర్లు పీకినట్టయితే ఎవరు జవాబుదారీ? నేను వ్యతిరేకంగా కాదు, నిజంగానే అడుగుతున్నాను, ఎందుకంటే మా ఆవిడకీ ఇదే కోరిక ఉంది.

పద్దుల_ప్రసాద్

వీసా భాగం నేను చెప్తాను, ఇందులో చాలామంది అపోహ పడతారు. ముందుగా, టూరిస్టు షెంగెన్ వీసా (యూరప్‌లోని చాలా దేశాలకు కలిపి ఇచ్చేది) మీద ఏ 180 రోజుల్లోనూ 90 రోజులకు మించి ఉండలేరు, కాబట్టి ఏడాదికి అది పనికిరాదు. స్పెయిన్‌లో మీలాంటివాళ్లకు రెండు దారులు.

ఒకటి నాన్ లుక్రేటివ్ వీసా. పని చేయకుండా సొంత డబ్బుతో బతకగలమని చూపించాలి. లెక్క వాళ్ల ఇప్రెమ్ సూచీ (సర్కారు ఆదాయ పరిమితులకు వాడే అంకె) మీద ఉంటుంది. ఆ సూచీ నెలకు 600 యూరోలు, దరఖాస్తుదారుకు దానికి నాలుగు రెట్లు 2,400, ఒక్కొక్క కుటుంబ సభ్యుడికి ఇంకో 600. నలుగురికి నెలకు 4,200, ఏడాదికి 50,400 యూరోలు. ఇంటి నుంచి పని చేసుకుంటామంటే ఈ వీసా కుదరదు, దరఖాస్తులో అలా రాస్తే తిరస్కరిస్తారు, దాచిపెట్టి వెళ్లడం అంతకంటే ప్రమాదం. మీవారు పని ఆపరు కాబట్టి ఇది మీది కాదు.

రెండోది డిజిటల్ నోమాడ్ వీసా, 2022 స్టార్టప్ చట్టంతో వచ్చింది. ఆదాయం అక్కడి కనీస వేతనానికి రెండు రెట్లు ఉండాలి, భార్యకు ఇంకో 75 శాతం, ఒక్కో పిల్లకు 25 శాతం కలపాలి. 2025లో కనీస వేతనం 1,184 యూరోలు, కానీ ఏడాదికి 14 జీతాల లెక్క, అందుకే 12 నెలలకు పంచితే 1,381 అవుతుంది. ఆ ప్రకారం నలుగురి కుటుంబానికి నెలకు దాదాపు 4,490. ఏటా ఇది మారుతుంది, దరఖాస్తు నాటి అంకె చూసుకోండి. ఆ కంపెనీతో కనీసం మూడు నెలల నుంచి పని చేస్తుండాలి, కంపెనీ పెట్టి ఏడాది దాటి ఉండాలి, డిగ్రీ గానీ మూడేళ్ల అనుభవం గానీ చూపాలి.

ఇక్కడ మనవాళ్లకు తగిలే అసలు ముడి సోషల్ సెక్యూరిటీ, అంటే పెన్షన్, వైద్యం కోసం కట్టే చందా. భారత్‌కు పోర్చుగల్, ఫ్రాన్స్, జర్మనీ లాంటి దేశాలతో ఒప్పందం ఉంది, స్పెయిన్‌తో అమల్లో ఉన్నది లేదు. అందుకే హైదరాబాద్ కంపెనీలో జీతం మీద ఉన్న ఉద్యోగికి ఈ వీసా చాలా కష్టం, ఆ కంపెనీ వెళ్లి స్పెయిన్‌లో నమోదు కావాల్సి వస్తుంది. కాంట్రాక్టర్ అయితే అక్కడ ఔతోనొమో, అంటే స్వయం ఉపాధి కింద, తనే నమోదు చేసుకుని చందా కట్టుకుంటాడు, కొత్తవాళ్లకు మొదటి ఏడాది రాయితీ చందా ఉంది, 2025లో అది నెలకు దాదాపు 80 యూరోలు. ఆ చందాతో కుటుంబానికి సర్కారు వైద్యం కూడా వస్తుంది. మీ వారిది కాంట్రాక్టు అన్నారు కాబట్టి మీకు దారి తెరిచే ఉంది.

పన్ను గురించి ఒక్క మాట. సెప్టెంబర్ నుంచి డిసెంబర్ దాకా 122 రోజులు, జనవరి నుంచి జూన్ దాకా 181 రోజులు. స్పెయిన్ పన్ను ఏడాది క్యాలెండర్ ఏడాదే కాబట్టి 183 రోజుల గీత ఏ ఏడాదిలోనూ దాటలేదని కొందరు సంబరపడతారు. కానీ భార్య, మైనర్ పిల్లలు అక్కడే కాపురం ఉంటే ఆ వ్యక్తిని కూడా అక్కడి నివాసిగా భావించే నియమం ఉంది, ఆదాయం ఎక్కడి నుంచి అన్నదీ చూస్తారు. ఇంటర్నెట్లో చదివి నిర్ణయించుకోవద్దు, రెండు దేశాల లెక్కలూ తెలిసిన మనిషికి ఫీజు ఇచ్చి వెళ్లే ముందే కూర్చోండి.

బొబ్బిలి_టీచర్

నేను మన్యంలో ఏకోపాధ్యాయ పాఠశాలలో పనిచేసినదాన్ని. మన దగ్గర ఒకే గదిలో మూడు తరగతులంటే తల్లిదండ్రులు భయపడి ప్రైవేటు బస్సెక్కిస్తారు. స్పెయిన్ పల్లెల్లోనూ చాలాచోట్ల తరగతులు కలిపే నడుపుతారని చదివాను. అక్కడివాళ్లు దాన్ని ఎలా చూస్తారు? తెనాలి శీను గారూ, గదిలో నిజంగా ఏం జరుగుతుందో కాస్త వివరంగా రాయగలరా?

తెనాలి_శీను

తప్పకుండా టీచర్ గారూ. ఆండలూసియాలో (గ్రనాడా ఉన్న దక్షిణ స్పెయిన్ ప్రాంతం) చిన్న ఊళ్ల బడుల్ని కలిపి ఒక యాజమాన్యం కింద నడుపుతారు, మిగతా స్పెయిన్‌లో చాలాచోట్ల వీటిని గ్రూపు పల్లె బడులు అంటారు. ఊరూరా గది ఉంటుంది, పిల్లలు కదలరు, సంగీతం, ఆటలు, ఇంగ్లీషు చెప్పే టీచర్లు మాత్రం కారేసుకుని ఊరూరా తిరుగుతారు. మా చిన్నదాని గదిలో ఒకటి, రెండు, మూడు తరగతుల పిల్లలు కలిసి ఉండేవారు. టీచర్ మూడో తరగతివాళ్లకు లెక్క ఇచ్చి చిన్నవాళ్ల బల్ల దగ్గర కూర్చుంటే, లెక్క అయిపోయిన పెద్దపిల్ల వచ్చి మా అమ్మాయి పక్కన కూర్చుని పుస్తకం మీద వేలు పెట్టి చదివించేది. అది ఎవరో చెప్పి చేయించింది కాదు, ఆ గదిలో పద్ధతే అంత. భాష రాని పిల్లకు అంతకంటే మంచి చోటు ఇంకోటి నాకు తెలియదు. రెండు మూడు వందల మంది ఉండే పట్నం బడిలో ఎవరి పేరూ ఎవరికీ తెలిసేలోపు నెలలు గడిచిపోతాయి.

తరగతి పుట్టిన ఏడాదిని బట్టి. ఏ క్యాలెండర్ ఏడాదిలో ఆరు నిండుతాయో ఆ సెప్టెంబర్‌లో ఒకటో తరగతి. ఆ లెక్కన మీ పాప ఒకటి, బాబు అయిదు. ఇది చాలా మంచి జత మణికొండ గారూ, ఎందుకంటే ప్రైమరీ ఆరేళ్లే, పన్నెండు నిండే ఏడాది పిల్లలు హైస్కూలుకు వెళ్లిపోతారు, అది పెద్ద ఊళ్లో ఉంటుంది, బస్సు ఎక్కాలి, సబ్జెక్టుకో టీచర్. భాష రాకుండా అక్కడికి వెళ్తే పిల్లాడు నలిగిపోతాడు. ఏడాది ఆగి వెళ్దామనుకుంటే మాత్రం బాబుకి ఆఖరి ప్రైమరీ ఏడాది అవుతుంది, ఇంకా ఆగితే ఆలస్యమే.

వేళలు తొమ్మిది నుంచి రెండు. పదకొండున్నర ప్రాంతంలో ఆటవిడుపు, ఇంటి నుంచి రొట్టె ముక్కో పండో తెచ్చుకుంటారు. రెండున్నరకు అందరూ ఇంటికొచ్చి పెద్ద భోజనం. మీవారికి ఇదొక వరం, న్యూయార్క్‌లో పొద్దున తొమ్మిదంటే స్పెయిన్‌లో మధ్యాహ్నం మూడు, పిల్లలతో భోంచేసి పనిలో కూర్చోవచ్చు, హైదరాబాద్‌లోలా అర్ధరాత్రి దాటేదాకా మేలుకోనక్కర్లేదు.

సీటుకి దరఖాస్తు మార్చి నెలంతా తీసుకుంటారు. అది దాటినా పల్లె బడిలో ఖాళీలుంటాయి, పిల్లలు తగ్గితే ఒక గది మూసేస్తారేమో అన్న బెంగ ప్రతి ఊరికీ ఉంది, కాబట్టి మీరు ఇద్దరు పిల్లలతో వస్తున్నామని రాస్తే సంతోషిస్తారు. ఫీజు లేదు, ఆండలూసియాలో పాఠ్యపుస్తకాలు కూడా బడే ఇచ్చి ఏడాది చివర వెనక్కి తీసుకుంటుంది, అందుకే అట్టలు వేసి జాగ్రత్తగా ఉంచాలి.

నిజాంపేట_నాన్న

భాష సంగతి దాటేశారు. నిజంగా ఎన్నాళ్లు పడుతుంది? ఏడ్వరా పిల్లలు?

తెనాలి_శీను

ఏడుస్తారు. నా జవాబు తీపిగా ఉండదు. మా పెద్దవాడు క్రిస్మస్ దాకా బడిలో దాదాపు నోరు తెరవలేదు. టీచర్‌కి కంగారు లేదు, మాకే ఉంది. కొత్త భాషలో పడ్డ పిల్లలు ముందు చాలాకాలం వింటారు, తర్వాతే మాట్లాడతారు, ఇది మామూలే. కొత్త పిల్లల కోసం భాష నేర్పే ప్రత్యేక టీచర్లు ఆండలూసియాలో ఉన్నారు, కానీ పల్లెకు వారానికి కొన్ని గంటలే వస్తారు. వాణ్ని కాపాడింది ఫుట్‌బాల్. ఆటలో ఇటు, అటు, నాకివ్వు అన్న మాటలు ముందొచ్చాయి, జనవరి తర్వాత వాక్యాలు, ఏప్రిల్‌కి ఆండలూసియా యాసలో చివరి అక్షరాలు మింగేస్తూ మాట్లాడుతున్నాడు. చిన్నదానికి అంత బాధ లేదు. స్పానిష్ రాసినట్టే చదువుతారు, మన తెలుగులాగే, అందుకే ఒకటో తరగతి పిల్ల ఇంగ్లీషు స్పెల్లింగుల కంటే త్వరగా అందుకుంటుంది.

మీరు చేయగలిగింది ఇప్పటినుంచే వారానికి రెండు గంటలు స్పానిష్ పెట్టించడం, మీరూ కూర్చోవడం. ఆఫీసు పనులకూ డాక్టరుకూ పల్లెలో ఇంగ్లీషు రాదు.

మణికొండ_అమ్మ

శీను గారూ, ప్రసాద్ గారూ, ఇంత ఓపిగ్గా రాసినందుకు చాలా చాలా థాంక్స్. బాబు నెలల తరబడి మౌనంగా ఉండొచ్చన్న మాట దగ్గర మావారూ నేనూ చాలాసేపు ఆగాం. ఇక్కడ వాడు క్లాసులో గలగలా మాట్లాడే పిల్లాడు. వాడితో ముందే కూర్చుని, మొదట్లో ఇలా ఉంటుంది, అది నీ తప్పు కాదు అని చెప్పాలనుకుంటున్నాం. రంగు గురించి ఎవరైనా నిజం చెప్తారా? పిల్లల్ని ఏమైనా అంటారా?

వసంత_వంటిల్లు

నేను వలెన్సియా ప్రాంతంలో సముద్రానికి దూరంగా ఒక నారింజ తోటల ఊళ్లో ఉంటాను, పిల్లలు అక్కడి బడిలోనే. రంగు గురించి చెప్తాను. చూస్తారు, తేరిపార చూస్తారు, ముసలివాళ్లయితే ఎక్కడి నుంచి అని సూటిగా అడిగేస్తారు. బడిలో మొరాకో, రొమేనియా పిల్లలు ముందునుంచే ఉన్నారు. మా అబ్బాయిని ఒకడు రంగు పేరు పెట్టి పిలిచాడు, నేను వెళ్లి టీచర్‌తో చెప్పాను, ఆవిడ అదే రోజు ఆ పిల్లవాడి అమ్మను పిలిపించింది. ఊరు చిన్నది కావడం అక్కడ పనికొచ్చింది, ఆ అమ్మ బేకరీలో నాకు రోజూ కనబడే మనిషే. మర్నాడు ఆమే వచ్చి మాట్లాడింది. అన్ని ఊళ్లలో ఇలాగే అవుతుందని నేను మాటివ్వలేను, కానీ పిల్లలు వచ్చి చెప్పినప్పుడు సర్దుకో అనొద్దు, వెంటనే బడికి వెళ్లండి.

ఎవరైనా వలెన్సియా గానీ కటలోనియా గానీ ఎంచుకుంటే ఇంకో సంగతి గుర్తుంచుకోండి, బడిలో వలెన్సియన్, కటలాన్ భాషలు ఉంటాయి, ఏడాది కోసం వచ్చే పిల్లలకు ఒకేసారి రెండు కొత్త భాషలు. ఆండలూసియాలో ఆ సమస్య లేదు.

ఇక తిండి. శాకాహారం అంటే హోటల్లో అర్థం కాదు. వెజిటబుల్ శాండ్‌విచ్ అని రాసి ఉన్నదాంట్లో ట్యూనా చేప ఉంటుంది, పప్పు కూరలో పంది మాంసం సాసేజీ వేసి ఉడికిస్తారు, చిక్కుడు కూరలో కూడా హామ్ ముక్కలు. అందుకే మాంసం లేదు, చేప లేదు, హామ్ లేదు అని మూడూ విడివిడిగా చెప్పాలి. ఇంట్లో మాత్రం బాగా గడుస్తుంది. మసూర్‌లాంటి పప్పు, శనగలు ప్రతి కొట్లో ఉంటాయి, వంకాయ, కాప్సికం, టమాట, పాలకూర, గుమ్మడి అన్నీ తోటలోంచి వచ్చినవే. మినప్పప్పు, కందిపప్పు, చింతపండు పట్నంలో మొరాకో, ఆసియా కొట్లలో దొరుకుతాయి, నెలకోసారి తెచ్చుకుంటే చాలు. బెండకాయ, కరివేపాకు మర్చిపోండి.

సామాన్లు సర్దేటప్పుడు జాగ్రత్త. యూరోపియన్ యూనియన్‌లోకి బయటి దేశాల నుంచి పాల పదార్థాలు, మాంసం బ్యాగుల్లో తేకూడదు, అంటే మన నెయ్యి డబ్బా, పాలకోవా కూడా. పచ్చి కరివేపాకు, మామిడికాయలు కూడా కుదరవు. ఆవకాయ, ఎండుమిర్చి, ఇంగువ, చింతపండు, పొడులు తెచ్చుకోండి. వెన్న ఇక్కడ బాగుంటుంది, నెయ్యి కాచుకుంటే ఇల్లంతా వాసన.

ఓదెమీరా_రెడ్డి

పోర్చుగల్ మాట కూడా ఒకటి వేస్తాను. నేను అలెంతేజు తీరంలో ఓదెమీరా దగ్గర బెర్రీ పండ్ల గ్రీన్‌హౌసుల్లో సూపర్‌వైజర్‌ని. ఇక్కడ పల్లె అంటే మణికొండ మేడమ్ ఊహించుకునే పల్లె కాదు. సావ్ తెవొతోనియు అనే చిన్న ఊళ్లో నేపాల్, పంజాబ్, బంగ్లాదేశ్ నుంచి వచ్చిన కూలీలు వేలల్లో ఉన్నారు, మన సరుకుల కొట్లు ఉన్నాయి, బెండకాయ కూడా దొరుకుద్ది. బడిలో ఎన్నో దేశాల పిల్లలు, టీచర్లకు భాష రాని పిల్లల్తో పని కొత్త కాదు. కానీ కూలీల ఇళ్ల ఇరుకు చూస్తే గుండె తరుక్కుపోతుంది, ఒక్కో ఇంట్లో అంతమంది. మనం ఏడాది సరదాగా గడపడానికి వచ్చే చోటే ఇంకొకరు కాగితాల కోసం ఏళ్లు ఎదురుచూస్తున్నారు. మీ పిల్లలకు ఆ పిల్లలతో కూడా స్నేహం చేయించండి.

వీసా అయితే డీ7 అద్దెలు, పెన్షన్ లాంటి ఆదాయం ఉన్నవాళ్లకు. 2025లో నెలకు 870 యూరోల కనీస వేతనమే గీత, భార్యకు సగం, పిల్లకు 30 శాతం. ఇంటి నుంచి పని చేసేవాళ్లకు డీ8, అందులో కనీస వేతనానికి నాలుగు రెట్లు. అంకె ఒక్కటే చూస్తే డీ7 తేలిక, కానీ రెసిడెన్స్ కార్డు చేతికి రావడానికి చాలా సమయం పడుతోంది, ఏడాదే ఉండి పోయేవాళ్లకు కార్డు వచ్చేసరికి తిరుగు టికెట్ టైమ్ అయిపోవచ్చు.

తణుకు_తాతయ్య

మా అమ్మాయి వాళ్లు ఇటలీలో ఉండగా మేము వెళ్లి మూడు నెలలు ఉండి వచ్చాం. తాతా బామ్మలు షెంగెన్ విజిట్ వీసా మీద 90 రోజుల వరకు ఉండొచ్చు. అమ్మా మణికొండ, మీ పెద్దవాళ్లను ఏ నెలల్లో పిలవాలో ఆలోచించు. చలికాలంలో పిలవకు. దక్షిణ యూరప్ అంటే వెచ్చగా ఉంటుందనుకుని శాలువా ఒకటి పట్టుకెళ్లాం, బయట ఎండ బాగానే ఉంది, ఇంట్లోనే చలి. రాతి గోడలు, రాతి నేల, హీటరు ఒక్క గదికే. వసంతంలో పిలిస్తే మోకాళ్లకూ మంచిది.

తెనాలి_శీను

బాబాయ్ గారు చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. అద్దె మాట్లాడేటప్పుడు ముందు అడగాల్సింది ఇంటిని దేంతో వేడి చేస్తారని. కట్టెల పొయ్యి ఉంటే కట్టెలు ఎవరిస్తారు, ఆలివ్, బాదం కట్టెలు టన్నుల లెక్కన అమ్ముతారు, అక్టోబర్‌లోనే వేయించుకోవాలి, తడి కట్టెలు అంటిస్తే పొగే. చాలా ఇళ్లలో గ్యాస్ హీటర్ ఉంటుంది, నారింజ రంగు సిలిండర్, పన్నెండున్నర కిలోలు. రాత్రంతా వేసుకుని పడుకోకూడదు, కిటికీ కాస్త తీసి ఉంచాలి. గోడల మూలల్లో నల్లటి బూజు ఉందేమో చూడండి, పిల్లలకు ఉబ్బసం ఉంటే ఆ ఇల్లు వద్దు. ఇంటివాళ్లు వేసవిలో టూరిస్టులకు ఇచ్చుకుంటారు కాబట్టి సెప్టెంబర్ నుంచి జూన్ దాకా ఒప్పందమైతే తేలిగ్గా ఒప్పుకుంటారు, మీకు కావాల్సిందీ అదే. కానీ ఒప్పందం కాగితం మీద ఉండాలి, ఆ కాగితంతోనే పంచాయతీ ఆఫీసులో ఊరి జనాభా రిజిస్టరులో పేరు ఎక్కించుకోవాలి. బడి, ఆరోగ్య కేంద్రం, అన్నిటికీ అదే మొదటి మెట్టు. మీ వీసాకు విదేశీయుల కార్డు అవసరమైతే, దేశంలోకి వచ్చిన నెలలోపు దానికి వేలిముద్రలు ఇవ్వాలి, ఆ అపాయింట్‌మెంట్ దొరకడమే కష్టం, వెళ్లకముందు నుంచే చూస్తూ ఉండండి.

కారు లేకుండా కొండల్లో కాపురం కష్టం. మన లైసెన్స్ ఇంటర్నేషనల్ పర్మిట్‌తో కలిపి నివాసం మొదలైన ఆరు నెలల వరకే చెల్లుతుంది, ఆ తర్వాత అక్కడి పరీక్ష రాయాలి, థియరీ ఇంగ్లీషులో రాయొచ్చు. అందుకే బడి, కొట్టు, ఆరోగ్య కేంద్రం నడిచే దూరంలో ఉన్న ఊరు అని నేను మళ్లీ మళ్లీ అంటున్నాను. గ్రనాడా వైపు అల్పుహార్రాకు పెద్దాసుపత్రి కింద సముద్రం వైపు మొత్రిల్‌లో ఉంది, మలుపుల దారి. ఎమర్జెన్సీకి 112.

నిజాంపేట నాన్న గారు ఖర్చు అడిగారు. మాకు అద్దె, తిండి, కరెంటు, కట్టెలు అన్నీ కలిపి నెలకు రెండు వేల యూరోలు దాటలేదు, కారూ విమాన టికెట్లూ వేరు. ట్యూషన్ లేదు, బడి ఫీజు లేదు.

పాలమూరు_పద్మ

తిరిగొచ్చాక ఏమవుతుందో నేను చెప్తాను, మా పాపను నాలుగో తరగతిలో తీసుకెళ్లి తీసుకొచ్చాం. మేడమ్, వెళ్లేముందు బడిలో టీసీ తీసుకోవాలా, సీటు అట్టిపెట్టమని రాయించుకోవాలా అన్నది ముందే తేల్చుకోండి. కొన్ని బడులు ఫీజు సగం కడితే సీటు ఉంచుతాయి, కొన్ని ఉంచవు, నోటిమాట నమ్మొద్దు, మెయిల్ మీద తీసుకోండి. యూడైస్‌లో (దేశంలోని బడుల వివరాలుండే సర్కారు రికార్డు) పిల్లలకున్న పెన్ నంబర్ రాసిపెట్టుకోండి, తిరిగొచ్చాక కొత్త బడి ఆ నంబర్‌తోనే రికార్డును లాగుతుంది. స్పెయిన్ బడి ఇచ్చే మార్కుల కాగితం, ఆ తరగతి చదివినట్టు సర్టిఫికెట్, రెండూ సంతకం, ముద్రతో తీసుకుని అక్కడే అపోస్టిల్ (కాగితం వేరే దేశంలో చెల్లేలా వేసే సర్కారు ధ్రువీకరణ), ఇంగ్లీషు అనువాదం చేయించుకుని రండి, ఇక్కడికొచ్చాక ఆ పని అసలు తెమలదు.

ఎనిమిది లోపు తరగతులకు ఎవరూ పెద్దగా ఇబ్బంది పెట్టరు, వయసుకు తగ్గ తరగతిలో చేర్చుకుంటారు. తొమ్మిదిలో బోర్డు రిజిస్ట్రేషన్ ఉంటుంది, పదిలో నేరుగా చేరడానికి బోర్డు అనుమతి కావాలి, కాబట్టి ఆ రెండేళ్లలో ఎవరూ ఈ సాహసం చేయొద్దు. వెనకబడేది లెక్కలు కాదు, భాషలు. తెలంగాణలో 2018 చట్టం ప్రకారం ఏ బోర్డు బడి అయినా తెలుగు తప్పనిసరి. మేము రోజూ రాత్రి ఒక పేజీ తెలుగు చదివించి, వారానికి ఒక ఉత్తరం అమ్మమ్మకు చేత్తో రాయించాం. హిందీ మాత్రం రెండు నెలలు కూర్చుని పట్టుకోవాల్సి వచ్చింది. అంతే, ఆకాశం విరిగి పడలేదు.

నిజాంపేట_నాన్న

పద్మ గారు, ఇది నాకు నిజంగా పనికొచ్చింది. నా బెంగ సగం అదే. ఒక డాక్యుమెంట్ల ప్రశ్న. మా పిల్లల బర్త్ సర్టిఫికెట్లో ఇంటిపేరు ఒక అక్షరమే ఉంది, పాస్‌పోర్ట్‌లో పూర్తిగా ఉంది. మా ఆవిడ పాస్‌పోర్ట్ పుట్టింటి పేరు మీదే ఉంది. ఇబ్బంది అవుతుందా?

పద్దుల_ప్రసాద్

మీ ఆవిడ పుట్టింటి పేరు వాళ్లకు అసలు సమస్యే కాదు సార్, స్పెయిన్‌లో ఆడవాళ్లు పెళ్లయ్యాక పేరు మార్చుకోరు. పిల్లల సర్టిఫికెట్లో పొడి అక్షరమే అసలు తలనొప్పి, ఆ కాగితం మీదే తల్లిదండ్రుల సంబంధం రుజువు చేయాలి. మున్సిపాలిటీలో పూర్తి పేరుతో సవరణ చేయించి కొత్త సర్టిఫికెట్ తీసుకోండి, ఆ తర్వాతే రాష్ట్ర ప్రభుత్వ ధ్రువీకరణ, దాని మీద విదేశాంగ శాఖ అపోస్టిల్, ఆ తర్వాత స్పెయిన్ గుర్తించిన అనువాదకుడి చేత స్పానిష్‌లోకి. ఈ వరస తిరగేస్తే మళ్లీ మొదటికి వస్తారు. పెళ్లి సర్టిఫికెట్‌కి కూడా ఇదే వరస. పోలీస్ క్లియరెన్స్‌కి కూడా అపోస్టిల్, అనువాదం కావాలి. అది పాతబడితే తీసుకోరు, దాన్ని చివరికి పెట్టుకోండి.

బొబ్బిలి_టీచర్

అందరూ కాగితాల గురించే అడుగుతున్నారు, నాకు ఆ కొండల ఊళ్లో పిల్లలు ఏం చూస్తారో తెలుసుకోవాలనుంది.

తెనాలి_శీను

టీచర్ గారూ, అక్కడ నీటి కాలువల గురించి చెప్తే మీకు ఇల్లు గుర్తొస్తుంది. సియర్రా నెవాడా మంచు కరిగిన నీటిని కొండవాలు వెంట సన్నటి కాలువల్లో ఊళ్లకు పంపుతారు, ముస్లింలు ఆ నేలను ఏలిన కాలం నాటి వ్యవస్థ అది, ఇప్పటికీ నడుస్తోంది. మన కృష్ణా కాలువ కింద రైతులు వంతులు వేసుకున్నట్టే అక్కడా నీటికి వంతులున్నాయి. మా పక్కింటి పెద్దాయన వంతు ఒకసారి తెల్లవారుజామున వచ్చింది, పిల్లలు లేపమని బతిమాలి ఆయన వెంట వెళ్లారు. ఆయన పార తీసుకుని మట్టి అడ్డు తీశాడు, నీళ్లు బుసబుసలాడుతూ టమాటా మడిలోకి వచ్చాయి, మా వాడు పారతో కట్ట వేస్తూ మోకాళ్ల దాకా బురద. వంతు అయిపోగానే ఆయన వాచీ చూసుకుని మళ్లీ మూసేశాడు, ఒక్క నిమిషం ఎక్కువ తీసుకోలేదు, కింది మడివాడు కాచుకుని ఉన్నాడు.

నవంబర్ నుంచి ఆలివ్ కోతలు, వలలు పరిచి కొమ్మలు కొడతారు, పిల్లలు వలల మీద దొర్లుతారు. పక్క జిల్లా జాయెన్‌లో ఆరు కోట్లకు పైగా ఆలివ్ చెట్లున్నాయి, బస్సులో వెళ్తుంటే గంటల తరబడి అవే. జనవరి 5 రాత్రి, పసి యేసుకు కానుకలు తెచ్చారని చెప్పే ముగ్గురు రాజుల ఊరేగింపు, వీధంతా చాక్లెట్లు విసురుతారు, పిల్లలకు కానుకలు మర్నాడు పొద్దున. రొట్టెల బండి హారన్ కొట్టుకుంటూ వస్తుంది, చిల్లర ఇచ్చి పంపేది పిల్లల్నే, వాళ్లు మాట్లాడిన మొదటి స్పానిష్ వాక్యాలు ఆ బండి దగ్గరే.

మణికొండ_అమ్మ

అందరికీ రుణపడిపోయాను. నిన్న రాత్రి మావారూ నేనూ కూర్చుని రాసుకున్నది ఇది. కపిలేయిరా వద్దు, వేసవిలో చూసి వస్తాం. ఓర్హివా చుట్టుపక్కల తక్కువ ఎత్తులో, బడి నడిచే దూరంలో ఉన్న రెండు ఊళ్లు చూసుకున్నాం, రెండు బడులకూ స్పానిష్‌లో మెయిల్ రాస్తున్నాం. పాప సర్టిఫికెట్లో కూడా పొడి అక్షరమే ఉంది, సోమవారం మున్సిపాలిటీకి వెళ్తున్నాను. బాబుని అడిగితే అక్కడ క్రికెట్ లేదా అని ఒక్కటే బాధపడ్డాడు, బ్యాటు తీసుకెళ్దామన్నాను. ఒకటే సందేహం మిగిలింది, బడికి రాసే మెయిల్లో ఏడాదికే వస్తున్నాం అని చెప్పాలా వద్దా?

తెనాలి_శీను

చెప్పండి. దాచొద్దు. ఏడాది అయినా ఆ ఏడాది లెక్కలో ఇద్దరు పిల్లలు పెరుగుతారు, వాళ్లకు అదే కావాలి. పిల్లల పుట్టిన తేదీలు, ఇప్పుడు చదివే తరగతి, ఏ భాషలు వచ్చో, టీకాలన్నీ అయ్యాయో రాయండి, టీకాల కార్డు స్పానిష్ అనువాదం ఆరోగ్య కేంద్రంలో అడుగుతారు. బ్యాటు తప్పకుండా తీసుకెళ్లండి, టెన్నిస్ బంతులు అక్కడే దొరుకుతాయి.